మీ ఊళ్ళో కవితల ఓపెన్ మైక్, స్లామ్ పెట్టాలంటే: విజయనగరంలో మేం చేస్తున్న పద్ధతి

నెలకోసారి విజయనగరంలో కవితలు చదువుకునే సాయంత్రం ఒకటి నడుపుతున్నాం మేం కొందరం. ఈమధ్య పాలకొండ, బొబ్బిలి, టెక్కలి వైపు నుంచి పిల్లలు ఫోన్ చేసి అన్నా మా ఊళ్ళో కూడా పెడదామనుంది ఏటి చెయ్యాలి ఎక్కడ మొదలెట్టాలి అని అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్తుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలిపోతోంది, అందుకని తెలిసిందంతా ఒకచోట రాసేస్తున్నాను. కొంచెం పొడుగే అవుద్ది.

మనవైపు కవి సమ్మేళనాలు లేవా అంటే బోలెడున్నాయి, ఉగాది వస్తే ఊరికి రెండు. కానీ అక్కడ చదివేది ఎవరు? పుస్తకం వేసినవాళ్ళు, పేరున్నవాళ్ళు, పెద్దవాళ్ళు. వాళ్ళు చదవాల్సిందే, కాదనను. కానీ జూట్ మిల్లులో పనిచేసే నాన్న గురించి ఇంటర్ చదివే కూతురు రాసుకున్న ఇరవై లైన్లు ఆ వేదిక దాకా ఎప్పటికీ రావు, ఆ పిల్ల నోటుబుక్కు వెనక పేజీల్లోనే ఉండిపోతాయి. ఆ వెనక పేజీలు చదివించడానికే ఇదంతా. కింద నేను చెప్పే రూల్స్, గడియారం దగ్గర్నుంచి కుర్చీలు వేసే తీరు దాకా, అన్నీ దానికోసం పెట్టుకున్నవే. మీ ఊళ్ళో ఏదైనా మార్చుకోవాలనిపిస్తే మార్చుకోండి, అయితే మార్చేముందు ఒకటే చూసుకోండి, దీనివల్ల కొత్త మనిషికి మైకు దగ్గరవుతోందా దూరమవుతోందా అని.

ఓపెన్ మైక్, స్లామ్ ఒకటి కాదు. ఓపెన్ మైక్ అంటే పేరు రాయించుకున్న ఎవరైనా వచ్చి చదవొచ్చు, గెలుపూ లేదు ఓటమీ లేదు. స్లామ్ అంటే పోటీ, ఎవరి కవిత వాళ్ళే చెప్పాలి, మూడు నిమిషాల్లో, విన్నవాళ్ళలోంచి ఏరిన ఐదుగురు అప్పటికప్పుడు మార్కులేస్తారు. ఇది చికాగోలో పుట్టింది. మార్క్ కెల్లీ స్మిత్ అని భవనాలు కట్టే పని చేసుకునే ఆయన మొదలెట్టాడు, 1986 జూలై నుంచి గ్రీన్ మిల్ అనే జాజ్ క్లబ్బులో ఆదివారం ఆదివారం నడిపాడు, 1990కల్లా శాన్‌ఫ్రాన్సిస్కోలో జాతీయ స్థాయి పోటీ దాకా వెళ్ళింది. అప్పటిదాకా వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే జనానికి తీర్పు చెప్పే పని ఇవ్వడమే ఆయన చేసిన పెద్ద మార్పు, జనం చెవులు రిక్కించి వినడం మొదలెట్టింది అందుకే.

మనకిది మరీ కొత్తేం కాదు లెండి. అవధానంలో పృచ్ఛకులు ఎదురుగా కూర్చుని అడుగుతుంటే కవి అక్కడికక్కడే పద్యం కట్టాలి. పద్య నాటకానికి వెళ్తే వన్స్‌మోర్ అని అరిచేది జనమే. జముకు పట్టుకుని కథ ఎత్తుకుంటే ఊరు ఊరంతా కదలకుండా కూర్చునేది. ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథ చెప్పిన ఊరిది, 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ఆయనే మొదటి ప్రిన్సిపాల్. నోటితో చెప్పే కవిత్వం మన నేలలో ఉంది కాబట్టి స్లామ్ అనగానే ఇంగ్లీషులో చేతులూపుతూ చెప్పాలేమో అని ఎవరూ భయపడక్కర్లేదు.

మొదట జాగా సంగతి. పెద్ద ఆడిటోరియం జోలికి అస్సలు వెళ్ళొద్దు. ఆనందగజపతి లాంటి హాల్లో ముప్ఫై మంది కూర్చుంటే ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి, అదే ముప్ఫై మంది ఒక ట్యూషన్ గదిలో కూర్చుంటే కిటకిటలాడుద్ది, చదివేవాడికి ఊపొస్తుంది. మేం మొదట్లో ఆదివారం ఖాళీగా ఉండే ఒక కోచింగ్ సెంటర్ గదిలో పెట్టాం, తర్వాత ఒక టీ హోటల్ మేడమీద. గది చూసేటప్పుడు మీరు అడగాల్సినవి: ఫ్యాన్లు ఆపితే ఉండగలమా (ఫ్యాన్ హోరు మైకులోకి వస్తుంది), ఆడవాళ్ళకి బాత్రూమ్ ఉందా, మెట్ల దగ్గర లైటుందా, కాంప్లెక్సుకి, అంటే బస్టాండుకి, నడిచి వెళ్ళేంత దూరమేనా. ఈ చివరిది చిన్న విషయం అనుకోకండి. గజపతినగరం, చీపురుపల్లి, నెల్లిమర్ల నుంచి వచ్చేవాళ్ళు బస్సు టైము చూసుకునే వస్తారు, ఆడపిల్లలైతే ఇంట్లో ఎన్నింటికి వచ్చేస్తానని చెప్పి వస్తారో అన్నింటికి వెళ్ళిపోవాలి, లేకపోతే రెండోసారి పంపరు. అందుకే సాయంత్రం 5కి మొదలెట్టి 7కి ముగించేస్తాం. ఏడంటే ఏడే. ఎవరైనా మిగిలిపోతే వచ్చే నెల వాళ్ళ పేరే మొదట రాస్తాం.

ఆరుబయట పెడదామని కొందరికి ఉంటుంది, అయ్యకోనేరు గట్టు మీద సాయంత్రం గాలికి కవితలు వింటే ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కానీ బయట లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో ఉందది, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా అయితే అసలు పెట్టకూడదు. మైకు లేకుండా గుండ్రంగా కూర్చుని చదువుకుంటే ఈ గొడవ లేదు, పాతిక మంది లోపైతే అదే హాయి.

తేదీ ఎప్పుడూ ఒకటే ఉంచండి. నెలలో రెండో ఆదివారం అంటే ఎప్పుడూ రెండో ఆదివారమే, ఒక నెల మార్చారంటే సగం మంది రారు, రెండు నెలలు మార్చారంటే మానేసినట్టే అనుకుంటారు. సంక్రాంతి వారం, దసరా తర్వాత పైడితల్లమ్మ సిరిమాను జాతర వారం మాత్రం వదిలేస్తాం. తొలేళ్ళు, సిరిమాను రోజుల్లో కోట, మూడులాంతర్లు వైపు కాలు పెట్టడానికి సందుండదు, మనవాళ్ళు కూడా అక్కడే ఉంటారు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురొస్తే ఒకరోజు ముందే వాయిదా వేసి చెప్పేయండి.

మనుషులు ఎక్కడ దొరుకుతారు అని అడుగుతారు. కాలేజీ తెలుగు మేస్టార్లు ఒక దారి. కానీ మాకు ఎక్కువమంది దొరికింది గ్రంథాలయంలో. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటారు కదా, వాళ్ళలో రాసుకునేవాళ్ళు చాలామంది, బిట్లు రాసుకునే రఫ్ పుస్తకంలోనే మధ్యలో కవిత ఉంటుంది. నోటీసు బోర్డు దగ్గర చేత్తో రాసిన ఒక కాగితం అంటించాం, కింద ఒక ఫోన్ నంబరు, "మీరు రాసింది చదవండి, మూడు నిమిషాలు, ఎవరైనా రావచ్చు, మీ యాసలోనే". ఆ చివరి మాట చూసే వచ్చామని తర్వాత చాలామంది చెప్పారు.

ఇప్పుడు మూడు నిమిషాల సంగతి, దీనిమీద అందరూ గొడవపడతారు. మా మొదటి సాయంత్రం మేం తెలియక ముఖ్య అతిథిని పిలిచాం. జ్యోతి వెలిగించడం, శాలువా, పూలదండ, తర్వాత ఆయన ప్రసంగం నలభై నిమిషాలు. ఆయన మంచాయనే, పిలిచిన తప్పు మాది. వెనక వరసలో ఒక పిల్ల బొబ్బిలి నుంచి వాళ్ళ అమ్మతో వచ్చి కూర్చుంది, కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పెట్లో పట్టుకుని. వాళ్ళ అమ్మ గడియారం చూసుకోవడం, పిల్ల మా వైపు చూడడం, ఆరున్నరయ్యేసరికి ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆ కాగితంలో ఏముందో మాకు ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత నెల నుంచి మా దగ్గర వేదిక లేదు, అతిథి లేరు, శాలువా లేదు, కలెక్టరు గారొచ్చినా పేరు రాయించుకుని మూడు నిమిషాలు చదివి కూర్చోవాల్సిందే. శతావధాని గారికీ మూడే, తొమ్మిదో తరగతి పిల్లాడికీ మూడే.

టైము చూసే మనిషి వేరే ఉండాలి, నడిపే మనిషే టైము చూస్తే మొహమాటపడతాడు. మొదటి వరసలో కూర్చుని, రెండున్నర నిమిషాలకి పచ్చ కాగితం, మూడుకి ఎర్ర కాగితం ఎత్తుతారు. గంట కొట్టకండి, గంట కొడితే కొత్తవాళ్ళ గొంతు అక్కడే ఆగిపోద్ది. ఓపెన్ మైక్‌లో మూడు దాటితే చప్పట్లు మొదలెట్టేస్తాం, చప్పట్లు వినబడితే ఎవరైనా నవ్వుకుంటూ ముగిస్తారు. స్లామ్‌లో అయితే మార్కులు పోతాయి, అది తర్వాత చెప్తాను.

మైకు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మంచి కవిత కూడా ఇక్కడే పాడైపోతుంది. చక్రాలున్న ట్రాలీ స్పీకర్ ఒకటి, వైరున్న మైకు ఒకటి, స్టాండు ఒకటి, అరవై మంది గదికి ఇంతకన్నా అక్కర్లేదు. ఎస్‌ఎమ్58 లాంటి డైనమిక్ మైకు అయితే దగ్గరి గొంతే పట్టుకుంటుంది, గది గోల పట్టుకోదు. కార్డ్‌లెస్ తెస్తే కొత్త పెన్సిల్ బ్యాటరీలు రెండు జతలు జేబులో పెట్టుకోండి. స్పీకర్ ఎప్పుడూ మైకుకి ముందు, జనం వైపు తిరిగి ఉండాలి, చదివేవాళ్ళ వెనక పెడితే స్పీకర్ గొంతు మళ్ళీ మైకులోకి వెళ్ళి తిరిగి స్పీకర్లోకొచ్చి కీచుమంటుంది. కీచుమనగానే అందరూ మైకు తల మీద చెయ్యి మూస్తారు, దానివల్ల ఇంకా ఎక్కువవుతుంది, మూయకూడదు, ఒక అడుగు స్పీకర్‌కి దూరంగా జరగాలి, లేదా సౌండు కొంచెం తగ్గించాలి.

పట్టుకునే తీరు కూడా నేర్పాలి. నోటికీ మైకుకీ నాలుగు వేళ్ళ ఎడం. సూటిగా కాకుండా కొంచెం పక్కకి, గడ్డం వైపు ఉంచితే ప, ఫ, బ అన్నప్పుడు టప్పుమని గాలి కొట్టదు. ఒకచేత్తో ఫోను చూసి చదువుతూ ఇంకోచేత్తో మైకు పట్టుకుంటే తల ఫోనువైపు, మైకు గాల్లో. అందుకే స్టాండు. స్టాండు ఎత్తు మార్చడానికి ఒక కుర్రాణ్ణి పక్కనే ఉంచండి, పొట్టివాళ్ళు మునివేళ్ళ మీద నిలబడి చదవడం, పొడుగువాళ్ళు నడుం వంచి చదవడం రెండూ బాగోవు. 5కి ప్రోగ్రామ్ అయితే నాలుగున్నరకి వచ్చిన కొత్తవాళ్ళందరినీ ఒక్కొక్కళ్ళుగా మైకు ముందు నిలబెట్టి వాళ్ళ ఊరి పేరు, పొద్దున్న ఏం తిన్నారో చెప్పమంటాం. ఉప్మా తిన్నానండి అని తన గొంతు తనే స్పీకర్లో విన్నాక సగం భయం పోతుంది. ఇది తప్పకుండా చెయ్యండి.

రెండు గంటల లెక్క ఇలా. ముందు నలభై నిమిషాలు ఓపెన్ మైక్, పదిమంది, మనిషికి రాకపోకలతో కలిపి నాలుగు నిమిషాలు. తర్వాత పది నిమిషాలు ఊపిరి పీల్చుకోవడం. తర్వాత స్లామ్, మొదటి రౌండు ఎనిమిది మంది, మార్కులతో కలిపి మనిషికి ఐదు నిమిషాలు, మళ్ళీ నలభై. పైకొచ్చిన నలుగురు రెండో రౌండులో ఇంకో కొత్త కవిత చెప్పాలి, ఇరవై. మొత్తం గంటా యాభై. మిగిలిన పది నిమిషాలు ఏదో ఒకటి తినేస్తుంది. టీ మాత్రం చివర్లోనే ఇవ్వండి, మధ్యలో ఇస్తే గ్లాసుల చప్పుడు, లేవడాలు, ఆ టైములో చదివేవాడికి అన్యాయం జరుగుద్ది.

మీ ఊళ్ళో మొదటి మూడు నెలలు స్లామ్ పెట్టొద్దని నా సలహా. ఒట్టి ఓపెన్ మైకే నడపండి. జనానికి వినడం అలవాటవ్వాలి, చదివేవాళ్ళకి ఒకళ్ళనొకళ్ళు తెలియాలి. తెలిసిన మనుషుల మధ్య మార్కులైతే సరదాగా ఉంటాయి, పరిచయం లేనివాళ్ళ మధ్య అయితే పరీక్షలా ఉంటుంది.

స్లామ్ మార్కులకి మేం స్కూలు పలకలు వాడతాం. ఐదు పలకలు, ఐదు చాక్‌పీసులు, ఒక తడిగుడ్డ. జడ్జిలు జనంలోంచే, కవులతో చుట్టరికం స్నేహం లేనివాళ్ళై ఉండాలి. తెలుగు మేస్టారే ఉండాలని లేదు, ఉండకపోతేనే మంచిది, మా దగ్గర పలక పట్టుకున్నవాళ్ళలో టైలరు, ఆటో నడిపేఆయన, టీ హోటలాయన మరదలు, ఇలా ఉంటారు. కవితకి సున్నా నుంచి పది దాకా, ఒక దశాంశం పెట్టి వెయ్యాలి. ఐదుగురూ ఒకేసారి పలక తిప్పాలి, లేకపోతే పక్కవాళ్ళది చూసి వేస్తారు. ఐదింటిలో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా చిన్నది తీసేసి మిగిలిన మూడూ కూడతాం, కాబట్టి ముప్ఫైకి లెక్క. ఒకసారి మా దగ్గర ఒకమ్మాయికి 7.2, 8.1, 8.4, 9.6, 6.5 వచ్చాయి. 9.6 పోయింది, 6.5 పోయింది, మిగిలింది 23.7. ఇలా తీసెయ్యడంవల్ల ఒక జడ్జికి ఆ పిల్ల మా ఊరిదని ప్రేమ ఉన్నా, ఇంకొకాయనకి ఆ విషయం నచ్చకపోయినా లెక్క పెద్దగా మారదు.

టైముకి మూడు నిమిషాల మీద పది సెకన్లు సడలింపు ఉంటుంది. 3:10 దాటాక ప్రతీ పది సెకన్లకీ అర మార్కు పోద్ది. అదే అమ్మాయి 3:27 తీసుకుంది, అంటే రెండో పది సెకన్లలోకి వెళ్ళిపోయింది కాబట్టి రెండు అరలు, ఒక మార్కు పోయి 22.7. మొహం చిన్నబుచ్చుకుంది గానీ తర్వాత నెల రెండు నిమిషాల యాభైకి తెచ్చేసింది, ఏం తీసేశావమ్మా అంటే మొదటి రెండు పద్యాలు తీసేశానన్నా, అవి లేకపోయినా అర్థమవుతోంది అంది. కవితని ఎలా దిద్దుకోవాలో ఆ గడియారం నేర్పినంత బాగా ఎవరూ నేర్పలేరు.

పోటీ మొదలయ్యేముందు పోటీలో లేని ఒకళ్ళు వచ్చి ఒక కవిత చదవాలి, జడ్జిలు దానికి మార్కులు వేసి చెయ్యి సరిచూసుకుంటారు. మేం తూకం కవి అంటాం. కొట్టువాడు సరుకు తూచేముందు కాటా సున్నాకి తెచ్చుకుంటాడు కదా, అది. అయినా సాయంత్రం గడిచేకొద్దీ మార్కులు పెరుగుతూ పోతాయి, ఇది ప్రపంచంలో అన్ని స్లామ్‌లలోనూ ఉన్నదే, మొదట చదివినవాళ్ళకి ఎప్పుడూ కొంచెం నష్టం. దానికి మందు ఒకటే, ఎవరి తర్వాత ఎవరో చీటీలు తీయడం, రెండో రౌండులో వరస తిరగేయడం. స్లామ్‌లో వేషాలు, వస్తువులు, వాయిద్యాలు కూడదు. జముకు, డప్పు, తప్పెటగుళ్ళతో చెప్పాలనుకునేవాళ్ళకి ఓపెన్ మైక్‌లో ఎప్పుడూ చోటుంటుంది, వాళ్ళని మేం బతిమాలి మరీ పిలుస్తాం.

అన్నిటికన్నా నాకు పట్టింపున్న విషయం యాస. గురజాడ గారి ఊళ్ళో కూర్చుని ఇది చెప్పాల్సిరావడం బాధగానే ఉంటుంది. మాట్లాడే తెలుగులో రాయాలని ఆయన, గిడుగు రామమూర్తి గారు ఎంత పోరాడారో అందరికీ తెలుసు, గిడుగు గారిది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేట, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అయినా మన పిల్లలు ఇంట్లో ఏటమ్మా అని పిలిచి, మైకు ముందుకొచ్చేసరికి "ఓ మాతృమూర్తీ" అంటారు. తప్పు వాళ్ళది కాదు, మన యాస వినబడితే సినిమాల్లో నవ్వించడానికే వినబడింది, బళ్ళో దిద్దించేశారు, కవిత్వమంటే వేరే భాష అనుకున్నారు.

ఉద్దానం నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. తిత్లీ తుఫాను మీద రాసుకొచ్చాడు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చింది కదా పలాస వైపు, కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. వాడి కవిత "ప్రకృతి మాత ఆగ్రహజ్వాలలో దగ్ధమైన నా పల్లెసీమ" అని మొదలైంది. బాగా చదివాడు, చప్పట్లు కొట్టారు, ఎవరికీ ఏం గుర్తులేదు. తర్వాత మెట్ల దగ్గర టీ తాగుతూ నేను అడిగాను, బాబూ ఆ పొద్దున్న నువ్వు లేచి తలుపు తీసేసరికి మొదట ఏటి కనిపించిందిరా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. అదే రాసుకురా అన్నాను. వచ్చే నెల ఇది తెచ్చాడు, వాడి ఒప్పుదలతోనే ఇక్కడ పెడుతున్నాను:

తెల్లారీసరికి
మా ఇంటి కప్పు మీద
కొబ్బరిసెట్టు తొంగుంది
మా నాన్న దాని మొదట్ల కూకోని
ఏటో లెక్కెడతన్నాడు
ఎన్ని నాన్నా అన్నాను, కాయలనుకోని
ఇరవయ్యేళ్ళురా అన్నాడు

గదిలో ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి, ఒక్క చప్పుడు లేదు. చప్పట్లు కూడా కాసేపటికి గానీ రాలేదు. పలక పట్టుకున్న ఆటో ఆయన మార్కు వెయ్యడం మర్చిపోయి అలాగే కూర్చుండిపోయాడు.

కాబట్టి మీ దగ్గరికి పుస్తకాల భాషలో రాసుకొచ్చిన పిల్లలొస్తే దిద్దొద్దు, విమర్శించొద్దు, ఒక్క ప్రశ్న అడగండి, ఆ రోజు నువ్వు ఏం చూశావు, ఎవరు ఏమన్నారు, వాళ్ళ మాటల్లోనే చెప్పు. అలాగని పద్యం రాసేవాళ్ళని తక్కువ చెయ్యకండి. మా దగ్గరికొచ్చే ఒక రిటైర్డ్ మేస్టారు సీసపద్యంలో కరెంటు బిల్లు గురించి చెప్తే జనం పడి పడి నవ్వుతారు, ఆ గొంతు సీసం చివర వచ్చే ఎత్తుగీతి మీద దిగే తీరు కుర్రాళ్ళు నేర్చుకోవాల్సిందే. ముత్యాలసరం మూడూ నాలుగూ మాత్రల నడక ఒకసారి కాలితో నేలమీద వేసి చూపించండి, లయ అంటే ఏంటో వచనం రాసేవాళ్ళకీ తెలుస్తుంది. సీతంపేట, పార్వతీపురం వైపు నుంచి సవర భాషలో, ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడియాలో చదువుతామన్నా చదవమనండి. ముందు రెండు ముక్కల్లో తెలుగులో భావం చెప్పి, తర్వాత వాళ్ళ భాషలో మొత్తం. ఆ భావం చెప్పే టైము మూడు నిమిషాల్లో లెక్కెయ్యకండి.

నడిపే మనిషి గురించి. తన కవితలు చదువుకోవడానికి ప్రోగ్రామ్ పెట్టేవాళ్ళు నడిపితే నాలుగు నెలల్లో మూతపడుద్ది. నడిపే నెల తను చదవకూడదు అని మాకు రూలు. పేరు పిలిచేటప్పుడు సరిగ్గా పిలవాలి, ముందే అడిగి రాసుకోవాలి, ఇంటిపేరుతో కులం పోల్చుకునే అలవాటు చాలామందికుంది కాబట్టి ఇంటిపేరు వద్దన్నవాళ్ళకి ఉత్త పేరే పిలుస్తాం. మొదటిసారి చదువుతున్నవాళ్ళని "మొదటిసారండీ" అని చెప్తే జనం ముందే చప్పట్లు కొడతారు, అది బాగా పనిచేస్తుంది. మధ్యలో మర్చిపోయి ఆగిపోతే ఎవరూ అందించకూడదు, పర్లేదమ్మా నెమ్మదిగా అని ఒక్కమాట, తర్వాత అందరం ఊరుకుంటాం. దాదాపు ఎప్పుడూ లైను దొరుకుద్ది.

కులం మీద, రాజకీయం మీద, పరిశ్రమలకి పోయిన భూముల మీద కవితలు వస్తాయి, రావాలి కూడా, ఉత్తరాంధ్ర పాటకి ఆ చరిత్ర ఉంది. కులవివక్షని తిట్టొచ్చు, ఒక కులాన్ని తిట్టకూడదు. ప్రభుత్వాన్ని అడగొచ్చు, గదిలో ఉన్న మనిషిని పేరెట్టి అనకూడదు. ఈ రెండు ముక్కలూ మొదట్లోనే చదివేస్తాం. ఎవరైనా నొచ్చుకుని లేస్తే వాదన పెట్టుకోకండి, వచ్చే నెల మీరూ మూడు నిమిషాలు తీసుకుని జవాబు చెప్పండి అనండి. ఒకాయన నిజంగానే వచ్చి చెప్పాడు, చాలా బాగా చెప్పాడు.

వాట్సాప్‌లో తిరిగే కవితని నాది అని చదివేవాళ్ళు, ఏఐతో రాయించుకొచ్చేవాళ్ళు ఉంటారు. అందరిముందూ అనకండి. తర్వాత పక్కకి పిలిచి, నీది తీసుకురా చిన్నదైనా పర్లేదు అనండి. అలా చెప్పినవాళ్ళలో చాలామంది తమది తెచ్చారు.

వీడియోల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. పేరు రాయించుకునేటప్పుడే అడగాలి, వీడియో తియ్యొచ్చా, ఇన్‌స్టాలో పెట్టొచ్చా, రెండూ వేరువేరు ప్రశ్నలు. వద్దన్నవాళ్ళ పేరు పక్కన చుక్క పెడతాం, వాళ్ళు చదివేటప్పుడు అందరి ఫోన్లూ కిందకి. నాన్న తాగుడు గురించి ఒకమ్మాయి చదివింది, ఆ గదిలో చెప్పగలిగింది, ఊరంతా చూస్తే ఇంట్లో ఉండలేదు. సరేనని తర్వాత తీసెయ్యమన్నా కారణం అడక్కుండా తీసెయ్యాలి. వాట్సాప్ గ్రూపు కూడా వద్దు, గ్రూపులో ఆడపిల్లల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, రాత్రి పదకొండింటికి మీ కవిత బాగుందండీ అని మెసేజీలు మొదలవుతాయి. ఛానల్ పెట్టండి, అందులో ఒకళ్ళ నంబరు ఇంకొకళ్ళకి కనబడదు. ఎవరిమీదైనా అలాంటి కంప్లైంటు వస్తే మొదటిసారే మాట్లాడాలి, పెద్దకవి అని ఊరుకోకూడదు. దీనికి జవాబుదారీగా ఒక అప్ప, అంటే పెద్ద అక్క లాంటి మనిషి, ఉండాలి, ఆమె నంబరు అందరికీ చెప్పాలి.

డబ్బు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. టిక్కెట్టు లేదు, ఎంట్రీ ఫీజు లేదు. తలుపు దగ్గర ఒక స్టీలు డబ్బా, ఎంతేస్తే అంత, గది కరెంటుకీ స్పీకర్ అద్దెకీ టీకీ సరిపోద్ది, తగ్గితే మేం నలుగురం వేసుకుంటాం, లెక్క కాగితం మీద రాసి ఛానల్లో ఫోటో పెడతాం. ఫ్లెక్సీలు వద్దు. స్పాన్సర్ వస్తే ఆయన ఫోటో, ఆయన ప్రసంగం కూడా వస్తాయి. గెలిచినవాళ్ళకి డబ్బు ఇవ్వం, ఖాళీ నోటుబుక్కు ఒకటి, అందులో మొదటి పేజీ మీద ఆరోజు వచ్చినవాళ్ళందరం సంతకాలు పెడతాం. మా ఉద్దానం కుర్రాడి దగ్గర అలాంటివి మూడున్నాయి, మూడోది సగం నిండింది.

అయిపోయాక కుర్చీలు సర్దండి, పలకలు తడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టండి, టీ గ్లాసులు ఏరండి, గది తుడిచే ఇవ్వండి. దూరం బస్సులవాళ్ళని ముందు పంపించి, ఒకళ్ళు కాంప్లెక్సు దాకా వెళ్ళి బస్సెక్కించి రావాలి. తాళం గదివాళ్ళకి తిరిగి ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టేసి వచ్చెయ్యకుండా, వచ్చే నెల రెండో ఆదివారం కూడా కావాలండీ అని అప్పుడే చెప్పి, వాళ్ళ క్యాలెండర్లో మీ చేత్తో సున్నా చుట్టి రండి.